గడువు తీరింది యంత్రానికి కాదు

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లతో కిక్కిరిసిన హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లలో చాలామంది విద్యార్థులకు అందుబాటులో ఉండేది సెకండ్‌హ్యాండ్ కంప్యూటరే. అలాంటి యంత్రాన్ని మూలన పడేసేది అరుగుదల కన్నా సాఫ్ట్‌వేర్ గడువేనని గత చరిత్ర చెబుతోంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఆ తేదీల వల్ల ఏ ప్రాసెసరూ చెడిపోలేదు. 1991లో 386 ప్రాసెసర్ మీద పుట్టిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మరో దారి చూపింది. 2003లో వచ్చిన పప్పీ లినక్స్ పూర్తిగా ర్యామ్‌లోనే నడవగలిగింది. లినక్స్ కోసం వచ్చిన 2006 నాటి ఎల్ఎక్స్‌డీఈ కొద్దిపాటి మెమరీతోనే డెస్క్‌టాప్‌ను అందించింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది.

అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ సెంటర్లకు విండోస్ తప్పదన్న అభ్యంతరం న్యాయమైనదే. నేటి బ్రౌజర్లకు ఎక్కువ ర్యామ్ కావాలన్నదీ నిజమే. లినక్స్ రకాల్లోనూ ఉబుంటు 2017లో 32-బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్లను ఆపేసింది. 2025లో డెబియన్ 13 కూడా అదే బాట పట్టింది. కాబట్టి ప్రతి పాత కంప్యూటరూ బతుకుతుందనలేం. కానీ 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే టైపింగ్‌కు, ప్రోగ్రామింగ్ సాధనకు ఢోకా లేదు. కొత్తది కొనే స్తోమత లేని విద్యార్థికి ఆ అవకాశం దక్కాల్సిందే.