ప్రోగ్రామింగ్ అభ్యాసాలను యంత్రంతో దిద్దించడం: ఆరంభం, పరిమితులు

మీ ప్రోగ్రామును కంప్యూటరే దిద్ది మార్కులు వేయడం ఇంటర్నెట్‌తో వచ్చిన పద్ధతి అని మీరు అనుకోవచ్చు. నిజానికి దీనికి అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దీనికి దారితీసిన కారణాలనూ, మిగిలి ఉన్న లోపాన్నీ ఈ భాగంలో పరిశీలిద్దాం.

యంత్ర సమయం కొరత

అమెరికాలోని రెన్సెలర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన జాక్ హాలింగ్స్‌వర్త్ తన అనుభవాన్ని 1960లో ఒక వ్యాసంగా ప్రచురించారు. అప్పట్లో ప్రోగ్రాములను పంచ్ కార్డులపై ఇచ్చేవారు. కంప్యూటరు చాలా ఖరీదైనది కనుక దాని ప్రతి నిమిషమూ విలువైనదే. దిద్దే ప్రోగ్రాము సాయంతో మొదటి 20 మంది అభ్యాసాలు ఐబీఎం 650 యంత్రంపై 5 నిమిషాల్లో పూర్తయ్యాయి. విద్యార్థులు ఎవరికి వారు నడుపుకుంటే పట్టే యంత్ర సమయంలో ఎనిమిదో వంతు మాత్రమే ఖర్చయింది. దానివల్ల ఒక సెమిస్టరులో 80 మందికి ప్రోగ్రామింగ్ బోధించడం సాధ్యపడింది.

1965లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఫోర్సైత్, నిక్లాస్ విర్త్ ఇటువంటి ప్రోగ్రాములకు మూడు పనులు అప్పగించారు: పరీక్ష విలువలు అందించడం, నడిచిన సమయాన్ని లెక్కించడం, మార్కుల పట్టికను నిర్వహించడం.

యంత్రం చూడలేనిది

ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య వరకు కూడే ప్రోగ్రాము రాయమన్నారనుకోండి. పరీక్ష విలువలు 10, 100 అని ముందే తెలిస్తే, కూడిక జోలికి పోకుండా 55, 5050 అని ముద్రించే ప్రోగ్రాముకూ పూర్తి మార్కులు వస్తాయి. పద్ధతి సరిగా ఉండి, జవాబు పక్కన ఒక అదనపు మాట ముద్రిస్తే సున్నా రావచ్చు. అంటే యంత్రం ఫలితాన్ని కొలుస్తుంది, ఆలోచనను కొలవలేదు.

ఈ లోపాన్ని తగ్గించే ప్రయత్నాలు తరవాత జరిగాయి. 1980ల చివర ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన సీలిడ్ వ్యవస్థ ప్రోగ్రాము రాసిన తీరును కూడా పరిశీలించింది. 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేసిన మాస్, ప్రోగ్రాముల మధ్య పోలికలను చూపి కాపీలను గుర్తించడానికి తోడ్పడుతుంది.

మన దేశంలో ఎన్‌పీటీఈఎల్ ప్రోగ్రామింగ్ కోర్సుల్లో కొన్ని పరీక్ష విలువలను విద్యార్థికి చూపి, మరికొన్నింటిని దాచి ఉంచుతారు. ఎందుకో పై ఉదాహరణను బట్టి మీరే గ్రహించవచ్చు. ఉపాధ్యాయునికి దూరంగా చదివే మీకు వెంటనే ఫలితం తెలియడం గొప్ప మేలు. అయితే మార్కు వచ్చినంత మాత్రాన పాఠం వచ్చినట్లు కాదు. మీ ప్రోగ్రామును కౌన్సెలర్‌కో తోటి విద్యార్థికో వివరించి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యంత్రంతో దిద్దించే పద్ధతికి దారితీసిన ఆర్థిక కారణం ఏమిటి?
2. కూడిక ఉదాహరణలోని మోసాన్ని పట్టుకునే రెండు పరీక్ష విలువలను సూచించండి.