గుర్రం దిగి బంతి పట్టిన నైట్లు

మధ్యయుగపు ఐరోపా నైట్ అనగానే గుర్రం, ఈటె, నిలువెల్లా ఇనుప కవచం గుర్తొస్తాయి. బ్లడ్ బౌల్ అనే బోర్డు ఆటలో గుర్రానికి చోటు లేదు, ఈటెతో పని లేదు. ఉన్నదల్లా ఒక బంతి, దాన్ని అవతలి గీత దాటించాలన్న పంతం. వాహనమూ ఆయుధమూ రెండూ పోయాక నైట్‌లో నైట్‌తనం ఏం మిగులుతుంది? ఈ ఆట కోసం సొంతంగా నైట్ల జట్టు కట్టాలనుకున్న ప్రతి ఒక్కరూ తేల్చుకోవాల్సిన సంగతి ఇది. తయారీ సంస్థ కంటే ముందు ఆటగాళ్లే దీన్ని తలకెత్తుకున్నారు.

బ్లడ్ బౌల్ పుట్టింది 1986లో. రూపకర్త జెర్విస్ జాన్సన్, ప్రచురణకర్త ఇంగ్లండ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్. అదే సంస్థ 1983లో వార్‌హామర్ అనే యుద్ధ క్రీడను తెచ్చింది. మనుషులు, ఓర్కులు, ఎల్ఫులు, డ్వార్ఫులు సైన్యాలుగా తలపడే కల్పిత లోకం అది. ఇటు బ్రిటన్‌లో 1982లో చానల్ 4 మొదలై అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఇళ్లలోకి తెచ్చింది. 1986 ఆగస్టుకల్లా షికాగో బేర్స్, డాలస్ కౌబాయ్స్ జట్లు లండన్ వచ్చి వెంబ్లీ స్టేడియంలో ఆడేంతగా ఆ మోజు ముదిరింది. బ్లడ్ బౌల్ ఆ గాలిలో పుట్టిన పిల్లే. ఓర్కులూ ఎల్ఫులూ యుద్ధాలు మానేసి ఫుట్‌బాల్ ఆడితే ఎలా ఉంటుందన్న వెటకారం దాని ప్రాణం.

మొదటి పెట్టెలో ఆటగాళ్లు అట్టముక్కలే. 1988లో రెండో ఎడిషన్‌తో ప్లాస్టిక్ బొమ్మలూ, థర్మోకోల్‌లాంటి పదార్థంతో పోతపోసిన మైదానమూ వచ్చాయి. ఇవాళ ఆడుతున్న ఆటకు గట్టి పునాది పడింది మాత్రం 1994 నాటి మూడో ఎడిషన్‌తోనే. నిడివి 26 గడులు, వెడల్పు 15 గడులు. వైపుకు 11 మంది. సగం ఆటకు ఒక్కొక్కరికి 8 వంతులు. బంతి జారిందా, మనవాడు కిందపడ్డాడా, వంతు అక్కడితో సరి. పాచిక పారినంతసేపే ఆట మన చేతిలో ఉంటుంది.

వార్‌హామర్ లోకంలో నైట్ల దేశం పేరు బ్రెటోనియా. ఆర్థర్ రాజు గాథలకు మధ్యయుగపు ఫ్రాన్స్ వేషం వేస్తే ఎలా ఉంటుందో ఆ దేశం అలా ఉంటుంది. సరోవర దేవత, ఆమె చేతి పవిత్ర పాత్ర, దాన్ని వెతుక్కుంటూ దేశాలు పట్టిపోయే వీరులు అందులో ఉన్నారు. ఆ పాత్ర కథను 12వ శతాబ్ది చివర్లో తన ‘పెర్సెవాల్’ కావ్యంతో సాహిత్యంలోకి తెచ్చినవాడు ఫ్రెంచి కవి క్రెటియన్ ద త్రోయ్. 1996లో వార్‌హామర్ ఐదో ఎడిషన్ పెట్టెలో బల్లిమనుషుల సైన్యానికి ఎదురుగా బ్రెటోనియా నైట్లను నిలబెట్టారు. తళతళలాడే దొరలు, వాళ్ల కాళ్ల కింద బురదలో పాలేర్లు: ఆ దేశపు హాస్యమంతా ఈ తేడాలోనే ఉంది. ఇంత సరుకు ఉన్నా 1994 నాటి బ్లడ్ బౌల్ నియమాల్లో బ్రెటోనియాకు జట్టు లేదు. నైట్ల మీద మనసుపడ్డవాళ్లు మామూలు మనుషుల జట్టు నియమాలనే తీసుకుని, బొమ్మలకు మాత్రం నైట్ వేషం కట్టి ఆడుకున్నారు.

చరిత్ర చూస్తే నైట్లకు జట్టు ఆట కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో టోర్నమెంట్ అంటే ఇద్దరు ఎదురెదురుగా ఈటెలతో పొడుచుకోవడం కాదు. బయలు ప్రదేశంలో రెండు దళాలు కలబడి, అవతలివాళ్లను పట్టి విడుదలకు సొమ్ము గుంజడం. విలియం మార్షల్ అనే ఇంగ్లిష్ నైట్ ఈ పందేలతోనే పైకొచ్చాడు. జీవితంలో 500 మంది నైట్లను పట్టానని మరణశయ్య మీద చెప్పుకున్నాడంటారు. 1130లో క్లెర్మాంట్ సభలో చర్చి ఈ పోటీలను నిషేధించినా ఎవరూ చెవిన పెట్టలేదు. కాలితో తన్నే బంతాట సామాన్యుల గోల. 1314లో రెండో ఎడ్వర్డ్ పేరు మీద లండన్ మేయర్ నగరంలో ఫుట్‌బాల్‌ను నిషేధించాడు. నైట్ల జట్టంటే దొరల కొట్లాటనూ పాలేర్ల బంతినీ ఒకే మైదానంలోకి తోలడమే.

ఆ కలయికకు నియమాల రూపం మొదట కంప్యూటర్ తెర మీద వచ్చింది. 2015లో ఫ్రాన్స్‌కు చెందిన సయనైడ్ స్టూడియో చేసిన బ్లడ్ బౌల్ 2 వీడియో గేమ్‌లో బ్రెటోనియా జట్టు ప్రత్యక్షమైంది. ఆ జట్టులో మూడే రకాల ఆటగాళ్లున్నారు. నైట్ స్థాయి బ్లిట్జర్ ధర 1,10,000 బంగారు నాణేలు, నలుగురికి మించకూడదు. మధ్య అంతస్తు యోమన్ 70,000, వాళ్లూ నలుగురే. పాలేరు లైన్‌మన్ 40,000. ఐపీఎల్ వేలంలో ఫ్రాంచైజీలకు పర్సు ఉన్నట్టే ఇక్కడా జట్టు కట్టడానికి హద్దు ఉంది: 10 లక్షల నాణేలు. నలుగురు నైట్లకు 4,40,000, నలుగురు యోమన్‌లకు 2,80,000, ముగ్గురు పాలేర్లకు 1,20,000. పదకొండు మంది లెక్క సరిపోయింది, 8,40,000 ఖర్చయింది. పాచిక ఎదురుతిరిగితే మళ్లీ వేసుకునే రీరోల్‌లు ఒక్కోటి 70,000 చొప్పున రెండు కొంటే 9,80,000. మిగిలిన 20,000తో వైద్యుడు రాడు. అతని ధర 50,000. గాయపడ్డవాడి ఖర్మ వాడిది.

ఈ లెక్క రాసినవాళ్లకు బ్రెటోనియా గుట్టు తెలుసు. పాలేరుకు కవచం 7, నైట్‌కు 8. కిందపడ్డప్పుడు రెండు పాచికల మొత్తం ఆ అంకెను దాటితే కవచం పగిలినట్టు. పాలేరు విషయంలో 36 అవకాశాల్లో 15 పగిలేవే; నైట్‌కు 10. ఒక్క అంకె తేడాలో అంతస్తు తేడా చూపించేశారు. నైట్‌కు ఇచ్చిన డాంట్‌లెస్ నైపుణ్యం ఇంకా ముచ్చటైనది. బలం 3 ఉన్న నైట్, బలం 5 ఉన్న ఓగర్ అనే భూతాన్ని ఢీకొంటే మామూలుగా రెండు పాచికలు పడతాయి, వాటిలో ఏది చెల్లాలో ఎంచుకునేది ఓగర్ పక్షం. డాంట్‌లెస్ ఉన్నవాడు ముందు ఒక పాచిక వేస్తాడు. దానికి తన బలం కలిపితే 5 దాటాలి, అంటే 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. పడితే ఇద్దరూ సమానం, ఒకే పాచికతో తేల్చుకుంటారు. ఆరింట నాలుగుసార్లు కొండను ఢీకొట్టగల తెగువ అది. గుర్రమూ ఈటే లేకపోయినా నైట్ నైట్‌లా కనిపించేది ఇలాంటి చోటే.

నియమాలు కుదిరాక బొమ్మల పని. గుర్రం మీది బొమ్మను దించి నిలబెట్టడం కుదరదు. జీను మీద కూర్చున్న కాళ్లు ఎడంగా వంగి ఉంటాయి. అందుకే చాలామంది కాలినడక నైట్ల బొమ్మల వైపు చూస్తారు. పెర్రీ మినియేచర్స్ అమ్మే అజాంకూర్ కాలపు నైట్ల ప్లాస్టిక్ కిట్ అలాంటిదే. 1415లో అజాంకూర్ పోరులో ఫ్రెంచి నైట్లు చాలామంది గుర్రాలు దిగే పోరాడారు కాబట్టి చరిత్రకూ ఇది ఒప్పుతుంది. కత్తిని పిడికిలి దగ్గర కోసేసి, వేళ్ల మధ్య ఖాళీని గ్రీన్ స్టఫ్‌తో పూడుస్తారు. నీలం, పసుపు ముద్దలను కలిపి పిసికితే ఆకుపచ్చగా మారి, కొన్ని గంటల్లో గట్టిపడే పుట్టీ అది. చివరికి 32 మిల్లీమీటర్ల గుండ్రని పీట మీద అతికిస్తారు.

రంగుల దగ్గర అసలు చరిత్రే దారి చూపిస్తుంది. 1151లో చనిపోయిన ఆంజూ ప్రభువు జెఫ్రీ చిత్రఫలకం ఫ్రాన్స్‌లోని ల మాన్ పట్టణంలో ఉంది. నీలం డాలు మీద బంగారు సింహాలు అందులో కనిపిస్తాయి. వంశచిహ్నాల తొలి ఆనవాళ్లలో అదొకటి. ఆ విద్యకు ఒక కట్టుబాటు ఉంది: బంగారం, వెండి లోహాలు, ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదు. దుమ్ములో, దూరంలో మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చే సూత్రం ఇది. బల్ల అవతల కూర్చున్న ప్రత్యర్థికి బొటనవేలంత బొమ్మ ఏదో తెలియాలన్నా ఇదే సూత్రం. ఇంకో కిటుకు కూడా పాత కాలం నుంచే వచ్చింది. సొంత చిహ్నం నైట్‌కే ఉంటుంది, అతని మనుషులు దొర రంగులే తొడుక్కుంటారు. కాబట్టి నలుగురు బ్లిట్జర్లకు నాలుగు చిహ్నాలు వేసి, పాలేర్లందరికీ ఒకే రెండు రంగుల చొక్కా వేస్తే చాలు. ఎవరి ధర ఎంతో చూడగానే తెలిసిపోతుంది.

చివరికి గేమ్స్ వర్క్‌షాప్ కూడా దిగివచ్చింది. 2025 నాటి మూడో సీజన్ ఎడిషన్ పెట్టెలో బ్రెటోనియా జట్టును, సమాధుల్లోంచి లేచిన టూంబ్ కింగ్స్ జట్టును ఎదురెదురుగా నిలిపింది. బొమ్మలు కొనుక్కుంటే దొరుకుతాయి కాబట్టి ఇప్పుడు సొంతంగా కట్టుకోవడం తప్పనిసరి కాదు. అయినా కత్తిరించేవాళ్లు కత్తిరిస్తూనే ఉంటారు. వాళ్ల వంశచిహ్నం ఏ పెట్టెలోనూ రాదు మరి.

ఇంత దొరతనం ఒలకబోసే జట్టుకు ఆట ఒక చురక అంటిస్తుంది. లీగులో మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడేకొద్దీ ఆటగాళ్లకు అనుభవ పాయింట్లు వస్తాయి, వాటితో కొత్త నైపుణ్యాలు అబ్బుతాయి. నైట్ టచ్‌డౌన్ చేస్తే 3 పాయింట్లు. 40,000 నాణేల పాలేరు చేసినా 3 పాయింట్లే. కొనేటప్పుడు పుట్టుకను బట్టి ధర కట్టిన ఆట, బంతి గీత దాటాక ఎవరి పుట్టుకా అడగదు. నైట్ల జట్టు కట్టేవాడు ఒక పాలేరు చొక్కా మీద చిహ్నం వేయడానికి కాస్త ఖాళీ జాగా ఉంచుకోవడం మంచిది. రెండు సీజన్లు బతికితే ఆ చిహ్నాన్ని వాడు సంపాదించుకోగలడు.