ఒకే సర్వర్ నుంచి విండోస్, లినక్స్: నెట్‌వర్క్ బూట్ ఎలా పనిచేస్తుంది?

పెన్‌డ్రైవ్, డీవీడీల అవసరం లేకుండా, ఖాళీ హార్డ్‌డిస్క్ ఉన్న కంప్యూటర్‌ను నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే ప్రారంభించే పద్ధతిని నెట్‌వర్క్ బూట్ అంటారు. విండోస్, ఉబుంటు, డెబియన్ వంటి భిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఒకే సర్వర్‌లో భద్రపరచి, ఏ యంత్రానికి ఏది అవసరమో దానినే ఈ పద్ధతిలో అందించవచ్చు. కళాశాలల ప్రయోగశాలలు, పెద్ద కార్యాలయాలు, డేటా కేంద్రాలకు ఇది ఎంతో ఉపయుక్తం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దీంతో పాత కంప్యూటర్లలో కొన్నింటిని విండోస్ 11కు, మరికొన్నింటిని లినక్స్‌కు మార్చాల్సిన సంస్థలకు ఈ పరిజ్ఞానం మరింత అవసరమైంది.

ప్రాధాన్యం ఎందుకు?

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన లోపభూయిష్ట అప్‌డేట్ కారణంగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయి. హైదరాబాద్ సహా దేశంలోని పలు విమానాశ్రయాల్లో ప్రయాణికులకు చేతిరాత బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. దోషాన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. అనేక యంత్రాల వద్దకు సిబ్బంది స్వయంగా వెళ్లాల్సి రావడమే అసలు సమస్య. మైక్రోసాఫ్ట్ తన పునరుద్ధరణ సాధనాన్ని తొలుత యూఎస్‌బీ రూపంలో విడుదల చేసి, ఆ తర్వాత నెట్‌వర్క్ బూట్ మార్గాన్నీ అందుబాటులోకి తెచ్చింది.

పనితీరు

ఈ పద్ధతికి ఆధారమైన ప్రమాణం పీఎక్స్ఈ. ఇంటెల్ రూపొందించిన దీని 2.1 సంచిక 1999లో వెలువడింది. కంప్యూటర్‌ను ఆన్ చేయగానే నెట్‌వర్క్ కార్డు తనకొక చిరునామా కావాలని నెట్‌వర్క్ అంతటికీ అభ్యర్థన పంపుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ చిరునామాతో పాటు, బూట్ ఫైల్ ఏ సర్వర్‌లో ఏ పేరుతో ఉందో తెలియజేస్తుంది. కంప్యూటర్ ఆ ఫైల్‌ను టీఎఫ్‌టీపీ పద్ధతిలో తెచ్చుకుని నడుపుతుంది. తదుపరి దశలన్నింటినీ ఆ చిన్న ప్రోగ్రామే నిర్వహిస్తుంది.

సంస్థలో ఇప్పటికే ఉన్న డీహెచ్‌సీపీ సర్వర్‌ను మార్చే వీలు లేనప్పుడు ప్రాక్సీ డీహెచ్‌సీపీని ఏర్పాటు చేస్తారు. ఇది చిరునామాల జోలికి పోకుండా బూట్ సమాచారం మాత్రమే ఇస్తుంది.

ఎవరికి ఏ సిస్టమ్?

పాత బయోస్ యంత్రానికీ, కొత్త యూఈఎఫ్ఐ యంత్రానికీ ఒకే బూట్ ఫైల్ పనికిరాదు. అందుకే కంప్యూటర్ తన అభ్యర్థనలోనే తన నిర్మాణ రకాన్ని తెలుపుతుంది. సర్వర్ దానిని బట్టి తగిన ఫైల్‌ను సూచిస్తుంది. అనంతరం పీఎక్స్ఈలినక్స్ లేదా ఐపీఎక్స్ఈ వంటి బూట్ ప్రోగ్రామ్ తెరపై ఒక జాబితాను చూపుతుంది. నెట్‌వర్క్ కార్డుకు ఉండే మ్యాక్ చిరునామా ఆధారంగా, ఎవరి ప్రమేయమూ లేకుండా ఎంపిక జరిగేలా కూడా అమర్చుకోవచ్చు.

లినక్స్ ఎంచుకుంటే కెర్నెల్, ప్రారంభ ఫైళ్లు ముందుగా వస్తాయి. విండోస్ అయితే విండోస్ పీఈ అనే చిన్న వ్యవస్థ మెమరీలోకి చేరి, దాని ద్వారా ఇన్‌స్టలేషన్ మొదలవుతుంది. భాష, డిస్క్ విభజన, వినియోగదారు ఖాతా వంటి ప్రశ్నలకు సమాధానాలను ముందే ఒక ఫైల్‌లో రాసిపెడతారు. రెడ్ హ్యాట్ కుటుంబంలో దీనిని కిక్‌స్టార్ట్ అనీ, డెబియన్‌లో ప్రీసీడ్ అనీ, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్ అనీ వ్యవహరిస్తారు. విండోస్‌కూ ఇలాంటి సమాధాన ఫైల్ ఉంటుంది.

వేగం లెక్క

టీఎఫ్‌టీపీ మూల ప్రమాణంలో సమాచారం 512 బైట్ల ముక్కలుగా వెళుతుంది. ఒక ముక్క అందినట్లు బదులు వచ్చాకే తర్వాతిది కదులుతుంది. 5 జీబీ ఇమేజ్‌ను ఇలా పంపాలంటే దాదాపు 98 లక్షల ముక్కలు అవుతాయి. ముక్క పరిమాణాన్ని పెంచే వెసులుబాటు తర్వాత వచ్చినా, టీఎఫ్‌టీపీని చిన్న బూట్ ఫైళ్లకు పరిమితం చేసి, పెద్ద ఫైళ్లను హెచ్‌టీటీపీ వంటి పద్ధతుల్లో పంపడమే మేలు.

అదే ఇమేజ్‌ను 40 కంప్యూటర్లకు విడివిడిగా పంపితే సర్వర్ నుంచి 200 జీబీ బయటకు వెళ్లాలి. సెకనుకు 1 గిగాబిట్ సామర్థ్యం గల లైన్‌పై, లెక్క ప్రకారం, దీనికి సుమారు 27 నిమిషాలు పడుతుంది. మల్టీకాస్ట్ పద్ధతిలో ఒకే ప్రసారాన్ని అన్ని యంత్రాలూ ఏకకాలంలో అందుకుంటాయి కనుక 40 సెకన్లు చాలు. ఆచరణలో డిస్కులు, స్విచ్‌ల సామర్థ్యాన్ని బట్టి సమయం పెరుగుతుంది.

ప్రమాదం ఎక్కడ?

ఒక్క ఆదేశంతో వందల యంత్రాలను సిద్ధం చేయగల వ్యవస్థ, ఒక్క పొరపాటుతో వాటన్నింటినీ తుడిచివేయగలదు. అమెరికాలోని ఎమోరీ విశ్వవిద్యాలయంలో 2014 మే నెలలో విండోస్ 7 ఇన్‌స్టలేషన్ ఆదేశం పొరపాటున విండోస్ యంత్రాలన్నింటికీ వెళ్లింది. ల్యాప్‌టాప్‌లు, సర్వర్లే కాదు, ఆ ఆదేశాన్ని పంపిన సర్వర్ కూడా ఫార్మాట్ అయిపోయింది.

భద్రత మరో చిక్కు. టీఎఫ్‌టీపీలో గుర్తింపు తనిఖీ గానీ, సంకేతీకరణ గానీ లేవు. అదే నెట్‌వర్క్‌లోకి చొరబడిన వ్యక్తి నకిలీ సర్వర్‌తో ముందుగా బదులిస్తే, కంప్యూటర్ దానినే నమ్మే అవకాశం ఉంది. అనేక కంప్యూటర్ల ఫర్మ్‌వేర్‌కు మూలమైన ఈడీకే 2 నెట్‌వర్క్ విభాగంలో తొమ్మిది లోపాలను క్వార్క్స్‌ల్యాబ్ పరిశోధకులు 2024 జనవరిలో వెల్లడించారు. వీటికి పిక్సీఫెయిల్ అని పేరు పెట్టారు.

జాగ్రత్తలు

ఇన్‌స్టలేషన్‌కు ప్రత్యేక నెట్‌వర్క్ విభాగాన్ని కేటాయించాలి. అనుమతి లేని డీహెచ్‌సీపీ సర్వర్ల బదులును స్విచ్‌లలోనే అడ్డుకోవాలి. సెక్యూర్ బూట్‌ను అమల్లో ఉంచాలి. డిజిటల్ సంతకం సరిపోలని బూట్ ఫైళ్లను అది తిరస్కరిస్తుంది. సమాధాన ఫైళ్లలో పాస్‌వర్డ్‌లను యథాతథంగా రాయకూడదు. జాబితాలో ఏమీ ఎంచుకోనప్పుడు యంత్రం తన సొంత డిస్క్ నుంచే ప్రారంభమయ్యేలా అమర్చడం అన్నింటికన్నా ముఖ్యం. ఇన్‌స్టలేషనే అప్రమేయ ఎంపికగా ఉంటే, రీస్టార్ట్ అయిన ప్రతి కంప్యూటర్‌లోని సమాచారం చెరిగిపోయే ముప్పు ఉంటుంది.