ఆకాశమునకు తూము

రేడియో కథ చెప్పువారు యంత్రమును గూర్చి చెప్పుదురు, అందు మాటలాడిన వారిని గూర్చి చెప్పుదురు. శక్తిని పెంచు యంత్రమునకును, దానిని ఆకాశమున విడుచు ఏరియల్‌కును నడుమ నున్న సంధిని గూర్చి చెప్పువారు అరుదు. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవాడను గనుక నాకు సంధి యన్నచో ప్రీతి. నేడు దాని చరిత్రమును విన్నవించెదను.

శామీర్‌పేట చెరువు క్రింద సేద్యము నెరిగిన పెద్దలకు ఈ విషయము సులువుగా బోధపడును. తూము పెద్దదై కాలువ ఇరుకైనచో నీరు ముందునకు సాగక వెనుకకు ఎగదన్ని గట్టును కోయును. విద్యుత్తునకును ఇంచుమించు ఇదియే ధర్మము. యంత్రమునుండి వచ్చు తీగల నిరోధమును, ఏరియల్ నిరోధమును సరిపోవలెను. ఒకటి రెండవదానికి మూడింతలైనచో, చేరిన శక్తిలో నాల్గవ పాలు వెనుకకు మరలును. అట్లు మరలిన శక్తి యంత్రమును వేడెక్కించి, ఒక్కొక్కప్పుడు కాల్చివేయును.

తొలుత, అనగా 1895 ప్రాంతమున, మార్కోనీ నిప్పురవ్వలు పుట్టించు సాధనమును ఏరియల్‌కు నేరుగా తగిల్చెను. గంటను కొట్టి వెంటనే చేతితో పట్టుకొన్నట్లు, తరంగము పుట్టినంతనే అణగిపోయెడిది. 1897లో ఆలివర్ లాడ్జి, పంపువానికిని వినువానికిని శ్రుతి కలుపు ఉపాయమునకు పేటెంటు కోరెను. జర్మనీలో బ్రౌన్ రవ్వల సాధనమును ఏరియల్‌నుండి వేరుచేసి, రెండు తీగచుట్టల ద్వారా శక్తి నందించెను. 1900లో మార్కోనీ కోరిన 7777వ సంఖ్య పేటెంటు ఈ శ్రుతి కూర్పునకు సంబంధించినదే. 1909లో మార్కోనీ, బ్రౌన్‌లు ఇరువురును నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

మన దక్షిణదేశమున 1924 జూలై 31వ తేదీన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారము ప్రారంభించెను. దాని తొలి యంత్రము శక్తి 40 వాట్లు మాత్రమే. ధనాభావముచే 1927లో క్లబ్బు మూతపడగా, 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి మద్రాసు కార్పొరేషను ఆ పనిని సాగించెను. హైదరాబాదున 1935 ఫిబ్రవరి 3వ తేదీన దక్కన్ రేడియో 200 వాట్లతో పలికెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది భారత ప్రభుత్వము వశమయ్యెను. 200 వాట్లలో నాల్గవ పాలు సంధియందు మరలినచో పోవునది 50 వాట్లు. ఆ నష్టము మొదట తగులునది పట్టణమునకు గాదు. మేడ్చల్ వంటి దూరపు ఊళ్లకే. అక్కడ మాట సన్నగిల్లి గరగరలో కలిసిపోవును.

తరువాతి కాలమున హైదరాబాదు కేంద్రము 738 కిలోహెర్ట్జులపై పలికెను. ఆ తరంగము పొడవు సుమారు 406 మీటర్లు. అందు నాల్గవ వంతు సుమారు 101 మీటర్లు. మధ్యతరంగ స్తంభములకు అట్టి నాల్గవ వంతు ఎత్తు మేలైన కొలత. స్తంభము చెంత చిన్న గదిలో తీగచుట్టలును, కండెన్సర్లును ఉండి, నిరోధములను సరిచూచును. స్తంభముతోపాటు నేలయు పనిచేయవలెను. మన మేడ్చల్ ప్రాంతపు బండనేల విద్యుత్తును చక్కగా గ్రహింపదు. అట్టిచోట్ల స్తంభము చుట్టును రాగితీగలను చక్రపుటాకులవలె పాతుదురు. అట్టి తీగలు నూటికి పైబడి యుండుట మేలని 1937లో అమెరికాలో జార్జి బ్రౌన్ మున్నగువారు పరీక్షించి చూపిరి.

చెరువునకు నీరటికాడెట్లో, ఈ చిన్న గదికి ఇంజనీరట్లు. వాని పేరు ప్రసారములో వినబడదు. కాని చెరువు నిండినంత మాత్రమున చివరిమడి పండదు. మంచి మాట పుట్టినంత మాత్రమున పల్లెకు చేరదు. నడుమనున్న వాని శ్రద్ధయే దానిని చేర్చును.