సోయా, నువ్వులు, పులుపు: ఒక సలాడ్ డ్రెస్సింగ్ వెనుక ఉన్న ఉప్పు చరిత్ర

సూపర్ మార్కెట్ అరలలో ‘ఏషియన్ డ్రెస్సింగ్’ అన్న పేరుతో గోధుమరంగు సీసాలు కనిపిస్తుంటాయి. సోయా సాస్, వెనిగర్, నువ్వుల నూనె, అల్లం, కొంత తీపి. స్థూలంగా అందులో ఉండేవి ఇవే. పచ్చి కూరగాయ ముక్కల మీద దీనిని పోసుకుంటే ఆరోగ్యకరమైన భోజనం సిద్ధమైనట్లేనని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగమే నిజం. మిగిలిన సగం తెలియాలంటే ఈ పదార్థాల చరిత్రను కొంత తిరగవేయాలి. ఇవే రుచులను వెయ్యేళ్లకు పైగా అనుభవించిన జపాన్ దేశం వాటిలోని ఉప్పు వలన ఎంత నష్టపోయిందో, ఆ నష్టాన్ని ఏ విధంగా తగ్గించుకున్నదో గ్రహించిన పిదప, మన వంటింట్లో దీనిని ఏ పాళ్లలో కలుపుకోవాలో సులభంగా బోధపడుతుంది.

పదార్థాల పుట్టుక

ముందుగా మనకు అత్యంత సన్నిహితమైన నువ్వులను తీసుకుందాం. నువ్వుల పంటకు పుట్టినిల్లు భారత ఉపఖండమే. హరప్పా తవ్వకాలలో మాడిన నువ్వుగింజలు లభించాయి. ‘తైలం’ అనే సంస్కృత పదమే ‘తిల’ నుండి పుట్టింది. అంటే మన పూర్వులకు నూనె అంటే నువ్వుల నూనే. ఈ గింజ ఇక్కడి నుండి పడమరకూ, తూర్పుకూ ప్రయాణించి చైనా, కొరియా, జపాన్ వంటిళ్లలో స్థిరపడింది. అందుచేత ఈ డ్రెస్సింగును పూర్తిగా పరాయి వస్తువుగా భావించనక్కరలేదు.

రెండవది సోయా సాస్. దీని మూలం చైనాలోని ‘జియాంగ్’ అనే పులియబెట్టిన ముద్ద. మొదట్లో మాంసంతో, చేపలతో చేసేవారు. తరువాత సోయా గింజలతో చేయడం ప్రబలింది. 6వ శతాబ్దంలో జియా సిష్యే రచించిన ‘ఛీమిన్ యావోషు’ అనే వ్యవసాయ గ్రంథంలో జియాంగ్ తయారీ, వెనిగర్ తయారీ వివరంగా ఉన్నాయి. ఇటువంటి ముద్దే జపాన్‌లో ‘హిషియో’ అయింది. 8వ శతాబ్దపు జపాన్ కవితా సంకలనం ‘మన్యోషు’లో హిషియోను, వెనిగర్‌ను, నూరిన వెల్లుల్లిని కలిపి చేపకు నంజుకునే ప్రస్తావన ఉన్నది. నేటి డ్రెస్సింగుకు ఇది ముత్తవ్వ వంటిది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సోయా సాస్‌లో ఉప్పు కేవలం రుచి కోసం చేరినది కాదు. ఉడికిన గింజలు నెలల తరబడి ఊరుతున్నప్పుడు కుళ్లకుండా ఉండాలంటే, హాని చేసే సూక్ష్మజీవులను అణచివేయగల గాఢమైన ఉప్పునీరు అవసరం. మన ఆవకాయలో ఉప్పు చేసే పని కూడా ఇదే. ఫ్రిజ్ లేని కాలంలో ఉప్పు ఆహారానికి రక్షణ కవచం. ఆ కవచమే తరువాతి కాలంలో రక్తనాళాలకు భారమైంది.

పచ్చి కూరలు తినని దేశాలు

సలాడ్ అనగానే పచ్చి ఆకులు మనసులో మెదులుతాయి. కానీ జపాన్ సంప్రదాయంలో పచ్చి ఆకులు తినడం అరుదు. పాలకూర వంటివి ఉడికించి, నీరు పిండి, వేయించి నూరిన నువ్వులతో కలిపేవారు. ముల్లంగి, కీరా దోస వంటివాటికి ఉప్పు రాసి, ఊరిన నీటిని పిండివేసి, వెనిగర్ పట్టించేవారు. ‘సంబైజు’ అనే మిశ్రమం పేరుకు మూడు గిన్నెల వెనిగర్ అని అర్థం. వెనిగర్, సోయా సాస్, మిరిన్ అనే తియ్యని బియ్యపు మద్యం ఒక్కొక్క కొలత చొప్పున కలిపేవారు. ఎండు చేపతోనో, సముద్రపు నాచుతోనో కాచిన చారు చేర్చి దానిని పలుచన చేసే పద్ధతి కూడా ఉండేది. వడ్డన మాత్రం చిన్న గిన్నెడే.

పచ్చివి తినకపోవడానికి బలమైన కారణం ఉన్నది. పొలాలకు మానవ మలమే ప్రధానమైన ఎరువు. దానితో పాటు ఏలికపాముల గుడ్లు ఆకుల మీదికి చేరేవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి జపాన్ ప్రజలలో సగానికి పైగా ఏలికపాములతో బాధపడుతుండేవారు. ఆ దేశంలో మకాం వేసిన అమెరికా సైన్యం తన సైనికుల సలాడ్ కోసం 1946లో టోక్యో సమీపంలోని చోఫులో మట్టి లేకుండా నీటిలో కూరగాయలు పండించే పెద్ద క్షేత్రాన్ని ఏర్పాటు చేసుకున్నది. తరువాతి సంవత్సరాలలో రసాయనిక ఎరువులు రావడం, పాఠశాలలలో మల పరీక్షలు జరిపి మందులు ఇవ్వడం వలన ఈ బెడద తగ్గిపోయింది. అప్పుడే పచ్చి ఆకుల సలాడ్ సామాన్యుల ఇంటికి వచ్చింది. 1958లో క్యూపీ కంపెనీ ఆ దేశపు తొలి సీసా డ్రెస్సింగును అమ్మకానికి పెట్టింది. అది ఫ్రెంచ్ పద్ధతిది. క్రమంగా నూనె, వెనిగర్‌లకు సోయా సాస్ తోడై ‘వఫు’, అనగా జపాన్ తరహా, డ్రెస్సింగ్ ఏర్పడింది.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలోనూ ఈ రుచులు ప్రచారంలోకి వచ్చాయి. 1959లో సిల్వియా వూ కాలిఫోర్నియాలో ప్రారంభించిన రెస్టారెంట్ చైనీస్ చికెన్ సలాడ్‌కు పేరుపొందింది. 1964లో న్యూయార్క్‌లో మొదలైన బెనిహానా వంటి జపనీస్ స్టేక్ హౌస్‌లు అల్లం డ్రెస్సింగును అలవాటు చేశాయి. వివిధ దేశాల రుచులన్నీ కలిసిపోయి ‘ఏషియన్’ అన్న ఒక్క పేరు స్థిరపడింది. చిన్న గిన్నెడు కూరకు చెంచాడు పట్టించే మిశ్రమం, పెద్ద పళ్లెం నిండా ధారగా పోసే ద్రవంగా మారింది. అమెరికాలో ఈ సీసాల మీద ఒక వడ్డన అంటే సాధారణంగా రెండు టేబుల్ స్పూన్లు. మనలో ఎందరు కొలిచి పోసుకుంటారు?

అకితా, నగానో నేర్పిన పాఠం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1951 నుండి 1980 వరకు జపాన్‌లో మరణాలకు మొదటి కారణం క్యాన్సర్ కాదు, గుండెపోటూ కాదు. పక్షవాతానికి దారితీసే మెదడు రక్తనాళాల వ్యాధి. ఈశాన్యాన ఉన్న అకితా ప్రాంతంలో పరిస్థితి మరీ దారుణం. అక్కడ చలికాలం దీర్ఘమైనది. మంచు కురిసే నెలలలో తెల్లన్నం, మిసో చారు, ఉప్పులో ఊరిన కూరగాయలే ఆహారం. నడివయసు రైతులు మెదడులో నరం చిట్లి కుప్పకూలుతుండేవారు.

అమెరికన్ వైద్యుడు లూయిస్ డాల్ 1960లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో ఐదు జనసమూహాల ఉప్పు వాడకాన్ని వారి అధిక రక్తపోటుతో పోల్చి చూపాడు. ఉప్పు అతి తక్కువగా తినే అలాస్కా ఎస్కిమోలు ఒక కొసన, రోజుకు 25 గ్రాములకు పైగా తినే ఉత్తర జపాన్ రైతులు మరొక కొసన ఉన్నారు. అటువంటి పోలిక ఒక్కటే కారణాన్ని నిరూపించదు. అయితే తరువాత జరిగిన చికిత్సా పరీక్షలు, ఉప్పు తగ్గిస్తే రక్తపోటు తగ్గుతుందన్న విషయాన్ని స్థిరపరిచాయి.

పర్వత ప్రాంతమైన నగానో కూడా ఇటువంటిదే. అక్కడి సాకు ఆసుపత్రికి 1945లో వచ్చిన శస్త్రవైద్యుడు తోషికాజు వకత్సుకి, రోగులు వచ్చేదాకా ఎదురుచూడలేదు. తానే పల్లెలకు వెళ్లాడు. ఉపన్యాసాలు రైతులకు రుచించవని గ్రహించి, ఆసుపత్రి సిబ్బందితో ఆరోగ్య నాటకాలు ఆడించాడు. 1959లో యచిహో గ్రామంలో ప్రజలందరికీ ఏటా ఆరోగ్య పరీక్షలు ప్రారంభమయ్యాయి. ఈ సేవకు 1976లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 1980ల ఆరంభంలో నగానో అంతటా ఉప్పు తగ్గించే ఉద్యమం సాగింది. ఆరోగ్య కార్యకర్తలైన గృహిణులు ఇంటింటికీ వెళ్లి మిసో చారులో ఉప్పు ఎంత ఉన్నదో పరికరంతో కొలిచి చూపారు. నూడుల్స్ తిన్నాక చారు పూర్తిగా తాగవద్దని చెప్పారు. 1990 నాటికి నగానో పురుషులు జపాన్‌లోకెల్లా దీర్ఘాయుష్కులయ్యారు.

ఇది కేవలం ఉప్పు తగ్గించినందువల్లనే జరిగిందని అనలేము. రక్తపోటు మందులు, ఫ్రిజ్‌లు, వెచ్చని ఇళ్లు, మెరుగైన పోషణ అన్నీ తోడ్పడ్డాయి. కానీ ఆ గృహిణులు తమ సంప్రదాయ రుచిని వదలుకోలేదన్నది ముఖ్యం. మిసోనూ, సోయా సాస్‌నూ ఇంటి నుండి వెలివేయలేదు. కొలవడం నేర్చుకున్నారు. జపాన్ ప్రజల సగటు ఉప్పు వాడకం 1970ల ఆరంభంలో రోజుకు 14 గ్రాములకు పైగా ఉండగా, ఇటీవలి సర్వేలలో 10 గ్రాముల దరిదాపులకు దిగింది. అదీ ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 5 గ్రాముల లోపు.

మన ఇంట్లో కొలత

మామూలు సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్‌లో, అంటే 15 మిల్లీలీటర్లలో, సుమారు 2.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే రోజు మొత్తానికి చెల్లే ఉప్పులో సగం! కాబట్టి ఒక్కరి సలాడ్ మీద ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్ పోయడం తగదు. నలుగురికి సరిపడే ఈ పాళ్లు చూడండి.

- సోయా సాస్: 1 టేబుల్ స్పూన్
- బియ్యపు వెనిగర్ లేదా నిమ్మరసం: 2 టేబుల్ స్పూన్లు
- నీళ్లు: 2 టేబుల్ స్పూన్లు
- నువ్వుల నూనె: 2 టీ స్పూన్లు
- దోరగా వేయించి కచ్చాపచ్చాగా నూరిన నువ్వులు: 1 టేబుల్ స్పూన్
- తురిమిన అల్లం: 1 టీ స్పూన్
- నూరిన వెల్లుల్లి: 1 చిన్న రెబ్బ
- తేనె లేదా బెల్లం పొడి: కావాలంటే అర టీ స్పూన్

వీటన్నిటినీ మూత ఉన్న సీసాలో పోసి బాగా గిలకొట్టండి. వేరుగా ఉప్పు వేయవద్దు. ఒక్కొక్కరికి చేరే ఉప్పు సుమారు 0.6 గ్రాములు, శక్తి దాదాపు 40 కిలోక్యాలరీలు. పులుపు, అల్లం ఘాటు, నువ్వుల పరిమళం కలిసి నాలుకకు ఉప్పు తక్కువైన లోటు తెలియనీయవు. సోయా సాస్‌లో సహజంగా ఉండే గ్లుటామేట్ కూడా ఇందుకు సాయపడుతుంది. ఆ రుచికి ‘ఉమామి’ అని 1908లో పేరు పెట్టినవాడు జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా.

నూనె పూర్తిగా మానవలసిన పని లేదు. క్యారెట్, ఆకుకూరలలోని బీటా కెరొటీన్ శరీరానికి పట్టాలంటే కొంత కొవ్వు ఉండాలి. చైనా, జపాన్ నువ్వుల నూనె వేయించిన గింజల నుండి తీసినది. రంగు ముదురు, వాసన గాఢం. మన గానుగ నూనె అంత ఘాటుగా ఉండదు. వేయించి నూరిన నువ్వులు ఆ లోటును తీరుస్తాయి.

కొనేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. సోయా సాస్ సీసా మీద ‘లైట్’ అని ఉంటే అది రంగుకు సంబంధించిన మాట కావచ్చు. జపాన్ లేత రంగు రకంలో ఉప్పు మామూలు రకం కంటే ఎక్కువ. ఉప్పు తగ్గించినట్లు స్పష్టంగా రాసి ఉన్నదే ఎంచుకోండి. రెండవది, ‘సీజన్డ్’ అని రాసిన బియ్యపు వెనిగర్‌లో ముందే చక్కెర, ఉప్పు కలిపి ఉంటాయి. మూడవది, చీటీ మీద సోడియం మిల్లీగ్రాములలో ఉంటుంది. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు.

కొన్ని హెచ్చరికలు. నువ్వులు, సోయా కొందరికి ఎలర్జీ కలిగిస్తాయి. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది కనుక సీలియాక్ వ్యాధి ఉన్నవారు వాడరాదు. ఉప్పుకు బదులు పొటాషియం కలిపిన లవణాలను మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ముట్టవద్దు. పచ్చి వెల్లుల్లి ఉన్నందున మిశ్రమాన్ని బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజులలో వాడేయండి. ఆకులను ధారగా పారే శుభ్రమైన నీటిలో కడగడం మరువకండి. ఏలికపాముల కథ జపాన్‌కు మాత్రమే పరిమితమైనది కాదు.

ఇక రక్తపోటు ఉన్నవారు ఒక పని చేయండి. ఈ డ్రెస్సింగ్ వేసుకున్న పూట ఊరగాయ, అప్పడం పక్కన పెట్టండి. సలాడ్‌లో మిగిల్చిన ఉప్పును పచ్చడి రూపంలో తిరిగి తెచ్చుకుంటే ఫలితం ఉండదు. నగానో గృహిణులకు ఆయువు పోసినది ఖరీదైన ఔషధమేమీ కాదు, కొలిచి వేసే చెంచా. ఆ చెంచా మన వంటింట్లోనూ ఉన్నది.