పోలీసు రిజిస్టర్లో వున్నోళ్లు, చరిత్రలో లేనోళ్లు: జోనీ వైస్ జీవితం

1944 మే 19. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ క్యాంపు. గూడ్సుపెట్టె తలుపు సందులోంచి, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల బయటికి చూస్తోంది. ఆ క్యాంపులోనే బందీగా వున్న రుడాల్ఫ్ బ్రెస్లావర్ తీసిన ఫిల్ములోని దృశ్యమిది. దాదాపు యాభై ఏళ్లపాటు ఆమెను యూదు బాలిక అనుకున్నారు. యూదుల మారణకాండకు ఆ ముఖమే గుర్తుగా నిలిచింది. 1994లో ఆద్ వాఖెనార్ అనే డచ్ జర్నలిస్టు వెతికి తేల్చాడు. ఆమె పేరు సెట్టెలా స్టైన్‌బాఖ్. సింతీ పిల్ల. లోకం 'జిప్సీలు' అని పిలిచే జనంలోని పిల్ల.

ముఖం అందరికీ తెలుసు. ఆ ముఖం ఎవరి ఇంటిదో మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇదెలా జరిగిందో అర్థం చేసుకోవడానికి, అదే రైల్లో అయినవాళ్లందరినీ పోగొట్టుకున్న జోనీ వైస్ జీవితాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం.

జోనీ 1937లో ది హేగ్ నగరంలో సింతీ కుటుంబంలో పుట్టాడు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి జుట్ఫెన్ పట్టణంలో సంగీత వాయిద్యాల దుకాణం నడిపేవాడు. 1944 మే 16న దేశమంతటా ఒకేసారి దాడులు చేసి 578 మందిని పట్టుకున్నారు. ఇళ్లమీదికి పోయింది డచ్ పోలీసులే. వాళ్లలో 245 మంది సింతీ, రోమాలను ఆష్విట్జ్ రైలెక్కించారు. తిరిగొచ్చింది ముప్పై మంది దాకా.

ఆ రోజు ఏడేళ్ల జోనీ ఒక పల్లెలో మేనత్త దగ్గర వున్నాడు. కొద్దిరోజులు దాక్కున్నా దొరికిపోయారు. వీళ్లని కూడా అసెన్ స్టేషన్లో అదే రైలెక్కించాలి. కాపలా వున్న పోలీసుల్లో ఒకాయనకి ప్రతిఘటన ఉద్యమంతో సంబంధాలున్నాయి. నేను టోపీ తీయగానే పరుగెత్తండి అని ముందే చెప్పాడు. టోపీ తీశాడు. వీళ్లు పరుగెత్తి పక్క ప్లాట్‌ఫారం మీది రైలెక్కేశారు. అవతలి గూడ్సుపెట్టెలో తల్లీ తండ్రీ, ఇద్దరు చెల్లెళ్లూ, పసి తమ్ముడూ వున్నారు. పెట్టె సందులోంచి కనిపించిన చెల్లెలి నీలం కోటు జోనీకి ముసలితనం దాకా గుర్తుంది. అదే ఆఖరి చూపు. తల్లీ పిల్లలూ ఆష్విట్జ్‌లో చనిపోయారు. అక్కడ 1944 ఆగస్టు 2 రాత్రి జిప్సీ క్యాంపులో మిగిలిన సుమారు 4,200 మందిని గ్యాస్ పెట్టి చంపేశారు. తండ్రి మిట్టెల్‌బావు-డోరా క్యాంపులో వెట్టిచాకిరీకి బలయ్యాడు.

ఈ రైలు హిట్లర్‌తోనే బయల్దేరిందనుకుంటే పొరపాటు. రైలుకి ముందు రిజిస్టరుంది. 1899లోనే మ్యూనిక్ పోలీసులు జిప్సీల మీద నిఘాకి ప్రత్యేక కార్యాలయం తెరిచారు. 1905లో వేల పేర్లతో పుస్తకమే అచ్చేశారు. 1926లో బవేరియా చట్టం జిప్సీలనీ, దేశదిమ్మరులనీ, 'పనిదొంగల'నీ ఒకే గాటన కట్టింది. ఏ నేరం చేశావని అడగలేదు. ఎవరికి పుట్టావని అడిగారు.

ఈ మాట మనకి కొత్తది కాదు. 1871లో మొదలైన నేరస్త జాతుల చట్టం చేసింది ఈ పనే. బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం సెటిల్మెంటులో ఎరుకలోళ్లు పోలీసు హాజరు కింద బతికింది ఈ చట్టం నీడలోనే. స్టూవర్ట్‌పురమూ ఆష్విట్జూ ఒకటే అనడం మా ఉద్దేశం కాదు. అలా అంటే రెండుచోట్లా బాధపడినవాళ్లకి అన్యాయం చేసినట్టే. పుట్టుకనే నేరంగా రాసుకునే రిజిస్టరు మాత్రం రెండుచోట్లా ఒకటే.

యుద్ధం ముగిసినా ఆ రిజిస్టరు మూతపడలేదు. 1953లో బవేరియా 'సంచారుల' పేరుతో మళ్లీ చట్టం చేసింది. పాత పోలీసు ఫైళ్లే మళ్లీ పనికొచ్చాయి. 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం, 1943కి ముందు జిప్సీల మీద జరిగింది జాతి వేధింపు కాదు, నేరాల నివారణ అని తీర్పిచ్చింది. చంపినవాళ్ల మాటే తీర్పయింది. నష్టపరిహారం ఎగ్గొట్టడానికి అదే ఆధారమయింది.

అవ్వాతాతల దగ్గర పెరిగిన జోనీ తోటపని, పూల అలంకరణ నేర్చుకున్నాడు. తర్వాత ప్రదర్శనల రూపకల్పన, కళాచరిత్ర చదివాడు. పూలపనిలో దేశమంతా ఎరిగిన పేరయ్యాడు. రాజకుటుంబం వేడుకలకీ పూలు అలంకరించాడు. 'పనిదొంగలు' అని చట్టంలో రాసుకున్నోళ్లకి ఇంతకన్నా ఏం జవాబు కావాలి? అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఆష్విట్జ్ కమిటీలో పనిచేశాడు. బడులకి పోయి పిల్లలకి తన కథ చెప్పాడు. తనవాళ్లకి జరిగిన దాన్ని 'మరిచిపోయిన హోలోకాస్ట్' అన్నాడు.

గుర్తింపు దానంతటది రాలేదు. 1980లో డాఖావ్‌లో సింతీలు నిరాహారదీక్షకి కూర్చున్నారు. మామీద రాసిన పోలీసు ఫైళ్లు ఏవీ అని నిలదీశారు. 1982లో ప్రధాని హెల్ముట్ ష్మిట్ అది జాతి కారణంగా జరిగిన జనహననమే అని ఒప్పుకున్నాడు. 2011 జనవరి 27న జర్మనీ పార్లమెంటు స్మారక సభలో జోనీ మాట్లాడాడు. ఆ సభలో ప్రధానవక్తగా నిలబడిన మొదటి సింతీ ఆయనే. 2012లో బెర్లిన్‌లో స్మారకచిహ్నం వెలిసింది. 2015లో యూరోపియన్ పార్లమెంటు ఆగస్టు 2ని స్మారకదినంగా గుర్తించింది. రైలుకీ ఆ గుర్తింపుకీ మధ్య 71 ఏళ్లు.

మాలో చాలామందిమి ఇంట్లో మొదట డిగ్రీ పట్టుకున్నవాళ్లం. ఆర్కైవ్స్‌లో మా తాతల్ని వెతికితే పోలీసు కాగితాల్లో దొరుకుతారు, నేరస్తులుగానో కూలీలుగానో. పోలీసు రాసింది ఆధారమంటారు, అమ్మమ్మ చెప్పింది కత అంటారు. జోనీ దగ్గర వున్నదేమిటి? ఒక టోపీ, ఒక నీలం కోటు, ఒక రైలు. ఏడేళ్ల పిల్లగాడి జ్ఞాపకం. అది పార్లమెంటు ముందు సాక్ష్యమయింది.

అలాంటి సాక్షులు మన వాడల్లో, గూడేల్లో, తండాల్లో ఇంకా వున్నారు. వాళ్లు వుండగానే కూర్చుని అడగాలి, పేర్లతో సహా రాసుకోవాలి. లేకపోతే మన పిల్ల ముఖం కింద కూడా ఇంకెవరి పేరో వుంటుంది.