గ్రామసింహము పలుకు



పదునొకండవ శతాబ్దమున నన్నయ తెనిగించిన ఆదిపర్వములో సరమ యను దేవశుని జనమేజయుని యెదుటికి వచ్చి, ఏ తప్పు నెరుగని తన బిడ్డను రాజు తమ్ములు కొట్టిరని మొరపెట్టుకొన్నది. ఆ కుక్క మాటలతో పలికినది. మన వీథికుక్క చూపుతోను, తోకతోను, దూరముగ నిలుచుటతోను పలుకును. ఈ పలుకు రక్తమున వచ్చినదా, మన మిచ్చిన బ్రతుకు నేర్పినదా?

రక్తమున కొంత కలదు. 2003లో హంగేరీ పండితులు మనుష్యులే పెంచిన తోడేళ్లను కుక్కలతో పోల్చిరి. మాంసము అందకపోయినప్పుడు కుక్క మనుష్యుని ముఖము వంక చూచినది. తోడేలు అంతగా చూడలేదు.

తక్కినది బ్రతుకుతెరువు నేర్పును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు గుడివాడ, దివిసీమల వైపు సాగి, మేతబీళ్లు పెక్కు వరిచేలైనవి. మంద తగ్గిన చోట కళ్లము పెరిగినది. మందకుక్క కాపరి యీలను, కర్రను కనిపెట్టి నడుచును. కళ్లమున పడుకొను కుక్కకు చీకటిలోని అలికిడి ముఖ్యము. అది మొరిగి యజమానుని లేపును. ఇక బందరు చెంత గిలకలదిండి రేవున తిరుగు కుక్క యెవరి సొమ్మును గాదు. చేపలు దింపువారికి రెండు బారల దూరమున కూర్చుండి వారి చేతులనే చూచుచుండును. వంగిన చేయి రాయి తీయునో, చేపతల విసరునో దానికి ముందే తెలియవలెను. మొరిగిన తరుముదురు గనుక మొరగదు. నా మట్టుకు, మన కుక్కలలో గొప్ప చదువరి యిదియే.

ఇది వట్టి యూహ గాదు. కలకత్తాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధనా సంస్థ వారు 2020లో నొక పరీక్షను ప్రకటించిరి. ముఖపరిచయము లేని మనుష్యుడు మూతపెట్టిన రెండు గిన్నెలలో నొకదానిని వీథికుక్కలకు వ్రేలితో చూపెను. పరీక్షించిన 160 కుక్కలలో ఇంచుమించు సగము దగ్గరకే రాలేదు. వానిలో బెదురు కనబడినది. వచ్చినవానిలో నూటికి సుమారు 80 చూపిన గిన్నె వద్దకే పోయినవి. శిక్షణ యెవరును ఇయ్యలేదు. రాని సగమునకు మనుష్యుల వలన కీడు కలిగియుండునని వారి తలంపు.

మనకును భయము కలదు, అది న్యాయమే. పిచ్చికుక్క కాటు వైద్యమునకై 1907లో నీలగిరులలోని కూనూరున పాస్టరు సంస్థ వెలసినది. ఆ దినములలో దివిసీమ నుండి కూనూరెంత దూరమో తలచుకొనుడు! ఆ భయము చేతనే మన చేతికి రాయి వచ్చినది. రాయి వలన కుక్కకు చేయి యనిన బెదురు. బెదిరిన కుక్క ముందు మొగము త్రిప్పుకొనును, పెదవులు నాకుకొనును, తోక కాళ్లసందున దాచును. ఎడముగ నుండుమని దాని కోరిక. పసివారికి ఇది తెలియక మీదికి పోయి కౌగిలించుకొందురు. మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొని వీథికుక్కను చూపి చెప్పదగిన పాఠ మిది. కరచినచో గాయమును సబ్బుతో పావుగంట కడిగి, నాడే టీకాకై ఆసుపత్రికి తీసికొని పోవలెను. పసుపు, సున్నము పూయరాదు.